రెండో చుక్క

మా తోటికోడలి వేళ్ళంటే నాకు పడదు. మనిషి మీద ఏ కోపమూ లేదు. పిలిస్తే పలుకుతుంది, పెట్టింది తింటుంది, ఎదురు మాట్లాడదు. నా కడుపుమంటంతా ఆ పది వేళ్ళ మీదే. పదకొండేళ్ళు కూర్చుని నేర్చుకున్న పని నాది. ఆ వేళ్ళు మా ఇంట్లో అడుగుపెట్టిన పదకొండో రోజునే నన్ను పక్కకి నెట్టేశాయి.

మాది బొమ్మల పని. ఇంటి వెనక వరసగా మూడు గదులు. మొదటి గదిలో మా ఆయన లేత్ మిషన్ మీద చెక్క బొంగరాలు, ఇత్తడి చక్రాలు తీస్తాడు. రెండో గదిలో మా మరిది ఉక్కు కడ్డీ వంచి రింగులు అతుకుతాడు. మూడోది, కిటికీ ఉన్న గది, మామయ్యది. గచ్చు మీద తిప్పుకునే మామూలు బొంగరం చేస్తాం, తిప్పగానే తలకిందులై కాడ మీద నిలబడే బొంగరం చేస్తాం. కానీ మాకు పేరు తెచ్చింది గైరో. రెండు రింగుల మధ్య ఇత్తడి చక్రం, దాని నడుమ సన్నటి ఇరుసు. ఇరుసుకి దారం చుట్టి ఒక్క లాగు లాగితే చక్రం గిర్రున తిరుగుతుంది. ఇక ఆ బొమ్మని వేలి కొసన పెట్టండి, గ్లాసు అంచున పెట్టండి, కట్టిన తాడు మీద పెట్టండి, పడదు. పడిపోతున్నట్టు పక్కకి వాలి కూడా పడకుండా నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంటే, కోట్లు వేసుకుని కార్లు దిగే పెద్దమనుషులు కూడా నోరు తెరుచుకుని నిలబడిపోతారు.

అందులో మాయ ఏమీ లేదు, అంతా తూకమే. మామయ్య బల్ల మీద రెండు ఉక్కు పట్టాలు ఉంటాయి, అంచులు కత్తిలా పదునుగా, రెండూ ఒకే ఎత్తులో. వాటి మీద చక్రం ఇరుసు ఆనించి వదిలితే చక్రం అటూ ఇటూ ఊగి, బరువున్న వైపు కిందికొచ్చి ఆగుతుంది. అక్కడ పెన్సిల్ గీత పెట్టి, చేతి డ్రిల్లుతో నువ్వుగింజంత ఇత్తడి తీసేయాలి. దాన్ని మేం చుక్క అంటాం. మళ్ళీ పట్టాల మీద పెట్టాలి, మళ్ళీ చూడాలి. చక్రాన్ని ఎటు తిప్పి వదిలినా అక్కడే కదలకుండా ఉండిపోతే తూకం కుదిరినట్టు. మూడు చుక్కలకి కుదరలేదా, తుక్కు డబ్బాలోకే. కుదిరినదాన్ని బల్ల చివర ఉన్న ఎర్ర గుడ్డ మీద పెడతారు. ఒకసారి గుడ్డ ఎక్కిన చక్రాన్ని మళ్ళీ తూచకూడదు. తూస్తే పెట్టిన మనిషిని అనుమానించినట్టే. మా మామయ్య వాళ్ళ నాన్న కాలం నుంచీ అదే పద్ధతి.

పెళ్ళైన ఏడాది నుంచీ నేను ఆ గదిలోనే ఉన్నాను. దారాలకి మైనం పట్టించి ఉండలు చుట్టడం నా పని. మైనం పట్టకపోతే దారం ఇరుసు మీద జారిపోతుంది. మెల్లగా మామయ్యని బతిమాలి, బామాలి తూకం కూడా నేర్చుకున్నాను. గోడ పక్కన నాకొక చిన్న బల్ల, పాత పట్టాలు. రోజుకి పద్దెనిమిది చక్రాలు కుదిర్చేదాన్ని. దాదాపు అన్నిటికీ మూడు చుక్కలు పడేవి, అయినా కుదిరేవి. మామయ్య తర్వాత కిటికీ దగ్గరి బల్ల నాదేనని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏముంది? ఇంకెవరున్నారని?

అప్పుడొచ్చింది చిన్నామె.

వాళ్ళ నాన్న షాపుల్లో త్రాసులు బాగుచేసేవాడు. తల్లి లేదు. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని తూకపు రాళ్ళు అరచేతిలో పెట్టుకుని ఆడుకున్న పిల్ల. ఆయనకి యాభై దాటాక వేళ్ళ కొసలు మొద్దుబారాయి. ముందు చిటికెన వేలు, తర్వాత ఒకటొకటిగా అన్నీ. చివరికి చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా కూతుర్నే పిలిచేవాడట. ఆయన చేయలేని పనంతా ఈమే చేసి షాపులవాళ్ళకి అప్పగించేది. ఇదంతా ఆమె నాకు కూరగాయలు తరుగుతూ చెప్పింది. నేను ఊఁ కొట్టాను. అప్పటికింకా ఆమె మీద జాలే ఉంది నాకు.

పదకొండో రోజు మామయ్యకి టీ తెచ్చి, బల్ల మీద ఉన్న చక్రాన్ని ఊరికే చేతిలోకి తీసుకుంది. ఇరుసు రెండు కొసలనీ బొటనవేళ్ళ మీద, చూపుడువేళ్ళ మీద ఆనించి ఒక్కసారి తిప్పింది.

“ఇక్కడ బరువుంది మామయ్యా,” అంది, గోటితో ఒకచోట చూపించి.

మామయ్య నవ్వి దాన్ని పట్టాల మీద పెట్టాడు. చక్రం ఊగి ఊగి, సరిగ్గా ఆ గోరు చూపించిన చోటే కిందికొచ్చి ఆగింది. ఆయన నవ్వు ఆగిపోయింది. ఇంకో చక్రం ఇచ్చాడు. తర్వాత ఇంకోటి. టీ చల్లారిపోయింది.

“పెద్దమ్మాయ్, ఇటు రా, చూశావా?” అని పిలిచాడు నన్ను. చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది ఆయన మొహం. పదకొండేళ్ళలో నేను చేసిన ఏ చక్రాన్ని చూసీ ఆ మొహం అలా వెలగలేదు.

చూశాను. ఎందుకు చూడలేదు? నాకు మూడు చుక్కలు పట్టే పని ఆమెకి ఒక్క చుక్కతో అయిపోతోంది. పెన్సిల్ లేదు, పట్టాలు లేవు. ఎక్కడ తీయాలో, ఎంత తీయాలో ముందే తెలుసు.

ఆ మర్నాడే మామయ్య ఇంట్లో కొత్త చట్టం పెట్టాడు. చిన్నమ్మాయి గిన్నెలు తోమకూడదు. ఆ గరుకు పొడితో తోమితే వేళ్ళ కొసలు పాడైపోతాయట. అంతకుముందు ఒక పూట నేను, ఒక పూట ఆమె. ఇప్పుడు రెండు పూటలా నేనే. ఆమె పాపం, “నేనే తోముతాను, ఏం కాదు మామయ్యా” అంటూనే ఉంది. అలా అన్నకొద్దీ నాకు ఒళ్ళు మండేది. మహారాణిగారి వేళ్ళు! నావి వేళ్ళు కావు, చీపురుపుల్లలు. రాత్రి మా ఆయన దగ్గర ఏడిస్తే, “గిన్నెలకోసం ఏడుస్తావేమే” అన్నాడు. గిన్నెలకోసమని ఎవరన్నారు? మొగుళ్ళకి చెప్పడం కంటే ఆ గిన్నెలకే చెప్పుకోవడం నయం.

రెండేళ్ళు అలా గడిచాయి. మామయ్యకి కుడిచేయి వణకడం మొదలైంది. డ్రిల్లు పెట్టిన చోట నిలవడం లేదు. అప్పుడే బొమ్మల షాపాయన వచ్చాడు. మా సరుకులో సగం అమ్మేది ఆయనే. షాపు ముందు గాజు అలమారాలో రోజంతా తిప్పి చూపించడానికి అరచెయ్యంత పెద్ద గైరో ఒకటి కావాలన్నాడు.

మామయ్య మా ఇద్దర్నీ పిలిచాడు. “చెరొకటి కుదర్చండి. ఏది ఎక్కువసేపు తిరిగితే అది ఆయన తీసుకెళ్తాడు. ఈ బల్ల కూడా ఆ చేతికే ఇచ్చేస్తాను. నావల్ల కావడం లేదమ్మా.”

ఇది న్యాయమే. అదే నా బాధ. అన్యాయం చేసి ఆమెకిచ్చేసి ఉంటే నలుగురి దగ్గరా చెప్పుకుని తిరిగేదాన్ని. పోటీ పెట్టి ఓడిస్తే ఏం చెప్పుకోను?

ఆ పెద్ద చక్రాన్ని కుదర్చడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఎన్నడూ లేనిది రెండు చుక్కలతో కుదిరింది. నా బతుకులో అంత మంచి చక్రం చేయలేదు. పోటీ రోజు పొద్దున దాన్ని ఎర్ర గుడ్డ మీద పెట్టి వెనక్కి తిరిగేసరికి చిన్నామె తనది తెచ్చి పక్కన పెట్టింది. ఒక్క చుక్క. గంటలో అయిపోయిందట.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచారు. దారాలు మిగిలాయని చెప్పి నేను ఉండిపోయాను. గోటి సందున మైనం ఉంది, ఎప్పుడూ ఉంటుంది. బియ్యపుగింజంత ముద్ద తీసి, ఇత్తడి పొడిలో దొర్లించి, ఆమె చక్రం అంచు లోపలివైపు బొటనవేలితో అదిమి పెట్టాను. ఇత్తడి రంగులో కలిసిపోయింది. గుడ్డ ఎక్కిన చక్రాన్ని మళ్ళీ ఎవరూ తూచరు. ఆ ధైర్యం చూసుకునే చేశాను. చేతులు కడుక్కుని వెళ్ళి అన్నం తిన్నాను. గొంతు దిగలేదని చెప్తే బాగుంటుంది గానీ, బాగానే దిగింది.

తిరిగొచ్చాక చిన్నామె తన చక్రాన్ని రింగుల్లో బిగించడానికి చేతిలోకి తీసుకుంది. తీసుకున్నది తీసుకున్నట్టే ఆగిపోయింది. మరోసారి తిప్పింది. తూచలేదు, పట్టాల జోలికే పోలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ వేళ్ళ మీద అలా ఉంచుకుంది. నేను దారం చుడుతూనే కంటి కొసన చూస్తున్నాను. అంచు లోపలికి తొంగిచూస్తే అయిపోయాను. ఆమె చూడలేదు. ఇత్తడికి ఎవరైనా మైనం అంటిస్తారని అసలు మనసుకి వస్తే కదా! పొద్దున తనే పొరపాటు పడ్డాననుకుంది. డ్రిల్లు తీసుకుని, సరిగ్గా నేను మైనం పెట్టిన చోటే, అంచు పైవైపున, రెండో చుక్క పెట్టింది. అంటే నా మైనంతో సహా తూకం కుదిర్చేసింది.

నాది నాలుగు నిమిషాల పది సెకన్లు తిరిగింది. ఆమెది అయిదు నిమిషాలకి కాస్త తక్కువ. షాపాయన చప్పట్లు కొట్టాడు. మామయ్య కుర్చీలోంచి లేచి, తన చేత్తోనే చిన్నామెని అందులో కూర్చోబెట్టాడు. మోసం చేసి కూడా ఓడిపోయిన దాని పరిస్థితి పగవాళ్ళకి కూడా రాకూడదు. ఆ రోజు అంట్లు తోముతుంటే ఒక గ్లాసు పగిలింది. పగలగొట్టాననే అనుకోండి.

మూడు వారాల తర్వాత షాపాయన ఆ గైరోని అట్టపెట్టెలో పెట్టుకుని వచ్చాడు.

“మాస్టారూ, ఇదేంటండీ?” అన్నాడు మామయ్యతో. “నిన్న మధ్యాహ్నం ఎండ అలమారా మీద పడుతోంది. తిప్పి పెట్టాను. బాగా తిరుగుతున్నదల్లా ఉన్నట్టుండి గడగడ వణికింది. గాజు మీద నడుచుకుంటూ వెళ్ళి కిందపడింది. చూస్తున్నవాళ్ళంతా ఒకటే నవ్వు.”

నాకు అర్థమైపోయింది. ఎండకి ఇత్తడి వేడెక్కి, మైనం మెత్తబడి ఎగిరిపోయింది. మైనం లేని చక్రానికి రెండో చుక్క ఎక్కువైపోయింది. ఆ గదిలో ఈ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

మామయ్య చక్రం విప్పి పట్టాల మీద పెట్టాడు. అది ఊగి, రెండో చుక్క పైకి వచ్చి ఆగింది.

“గుడ్డ ఎక్కిన చక్రానికి మళ్ళీ చుక్క ఎందుకు పెట్టావమ్మా?”

“బరువు తెలిసింది మామయ్యా.”

“ఆ రోజు పొద్దున గుడ్డ మీద నేను చూశాను, ఒక్క చుక్కకే సరిపోయిన చక్రం ఇది. మధ్యాహ్నానికి ఇత్తడి బరువు పెరుగుతుందా?”

“కానీ ఆ రోజు అంతసేపు తిరిగింది కదా.”

“తిరిగింది. ఎలా తిరిగిందో నాకూ తెలియడం లేదు. కానీ పట్టాలు ఇది చెప్తున్నాయి.”

మామయ్య కోప్పడలేదు. కొత్తది చేసిద్దాంలే అని షాపాయనకి సర్దిచెప్పి పంపేశాడు. చిన్నామె మాత్రం ఆ పట్టాల దగ్గరే నిలబడింది. చక్రాన్ని వేళ్ళ మీదకి తీసుకుంది, దింపింది, మళ్ళీ తీసుకుంది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపింది.

“ఈ బల్ల నాకొద్దు మామయ్యా. అక్కకివ్వండి. నా వేళ్ళు అబద్ధం చెప్తున్నాయి.”

మామయ్య ఎంత చెప్పినా వినలేదు. అలా ఆ బల్ల నాదైంది. సంతోషమేసిందా అంటే వేసింది, అబద్ధమెందుకు? కిటికీ వెలుతురు చేతుల మీద పడుతుంటే వారం రోజులు గాల్లో తేలాను. రింగుల మీద ముద్ర కొట్టేది నేనే, ఏది వెళ్ళాలో ఏది ఆగాలో చెప్పేది నేనే. చిన్నామె గోడ పక్కన నా పాత బల్ల దగ్గర కూర్చుంది. ఇప్పుడు చేత్తో ముట్టుకుని ఏదీ చెప్పడం లేదు. పెన్సిల్ పట్టుకుని నాలాగే పట్టాల మీద చూస్తోంది, నాకంటే అధ్వాన్నంగా. చుక్క పెట్టడం, చూడటం, నమ్మకం లేక మళ్ళీ చూడటం. ఆమె పక్కన తుక్కు డబ్బా నిండింది. ఒకరోజు నా దగ్గరికొచ్చి, “నీ పద్ధతి ఎలాగో నేర్పించు అక్కా” అంది. నేర్పించాను. మహా గొప్పగా నేర్పించాను, మామయ్యకి వినిపించేలా.

గిన్నెలు కూడా తనే తోమడం మొదలుపెట్టింది. “ఇంక దాచుకోవడానికి ఏముందక్కా” అని, ఆ గరుకు పొడితోనే, రెండు పూటలా.

ఒక పొద్దున పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళాను, టీ గ్లాసు అంట్లలో వేద్దామని. చిన్నామె నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. కుళాయి కట్టేసి ఉంది. ఎడమచేతి వేళ్ళు చాపి, కళ్ళు గట్టిగా మూసుకుని, కుట్టుసూదితో ఒక్కో వేలి కొస పొడుచుకుంటోంది. పొడవడం, ఆగడం, తల కొంచెం వంచి వింటున్నట్టు ఉండటం. మూడు వేళ్ళ మీద నెత్తురు చుక్కలు. చిటికెన వేలి దగ్గరికొచ్చేసరికి రెండుసార్లు పొడిచింది.

“ఏం చేస్తున్నావే!” అని అరిచాను.

ఉలిక్కిపడి సూది చాటు చేసింది. “తెలుస్తోందో లేదో చూసుకుంటున్నానక్కా. నాన్నకి కూడా చిటికెన వేలితోనే మొదలైంది. డాక్టరుగారు ఏమీ లేదన్నారు. నాన్నకి కూడా మొదట్లో అలాగే అన్నారు.” నవ్వడానికి చూసింది. “పిల్లలు పుడితే ఉగ్గుపాలు వేడిగా ఉన్నాయో లేదో కూడా తెలియదేమోనని భయంగా ఉంది.”

ఆ వేళ్ళని నేను రెండేళ్ళు తిట్టుకున్నాను. పోవాలని కోరుకున్నాను, అది కూడా నిజమే. ఇప్పుడవి నా కళ్ళముందు నెత్తురోడుతున్నాయి. గ్లాసు గట్టు మీద పెట్టి, ఆమె ఎదురుగా ఆ తడి నేల మీదే కూలబడ్డాను.

“నీ వేళ్ళకేం కాలేదు. ఆ రోజు చక్రానికి మైనం పెట్టింది నేను.”

ఆమె నా వంక చూసింది. అర్థం కాలేదు.

“భోజనాల టైములో. అంచు లోపల. ఎండకి ఊడిపోయింది. నీకు తెలిసిన బరువు నిజంగా ఉంది.”

తిడుతుందనుకున్నాను. సూదితో నా కంట్లో పొడిచినా అడ్డుకునేదాన్ని కాదు.

“ఎంత మైనం?” అంది.

“బియ్యపుగింజంత.”

“ఎక్కడ?”

కింద పడి ఉన్న కంచం తీసి, అంచు మీద వేలు పెట్టి చూపించాను. చుక్క అంచు పైన, మైనం అదే చోట లోపలివైపు. ఆమె ఆ కంచాన్ని లాక్కుని రెండు చేతుల వేళ్ళ మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. వేళ్ళ మీద నెత్తురు ఆరకుండానే, మెల్లగా, లోపల్నుంచి ఒక నవ్వు వచ్చింది ఆమెకి.

“బియ్యపుగింజంత,” అంది. “అంత పెద్ద చక్రం మీద బియ్యపుగింజంత. అది కూడా తెలిసింది నాకు!”

నేను అక్కడ ఉన్నానన్న సంగతే మర్చిపోయింది. తన బల్ల లాక్కున్నదాన్ని, నెల రోజులు భయంతో చంపినదాన్ని ఎదురుగా పెట్టుకుని, తన వేళ్ళు తనకి తిరిగొచ్చాయన్న ఆనందంలో ఏడుస్తోంది. నామీద కోపం తెచ్చుకోవడానికి కూడా తీరిక లేదు. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ క్షణంలో కూడా నాకు కుళ్ళొచ్చింది. నా బతుకులో దేని గురించీ నేను అలా ఏడవలేదు.

మామయ్యకి నేనే చెప్పాను. “ఛీ” అన్నాడు, అంతే, ఆ ఒక్క ముక్కే. మా ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. నన్ను ఆ గదిలోకే రానివ్వొద్దని మరిది పట్టుబట్టాడు. చిన్నామే ఒప్పుకోలేదు. “దారం చుట్టడంలో అక్క చెయ్యి ఇంకెవరికీ రాదు” అంది. నన్ను కాపాడటానికి అనలేదు, నిజం కాబట్టి అంది. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది.

ఇప్పుడు కిటికీ దగ్గర ఆమె కూర్చుంటుంది. నేను గోడ పక్కన దారాలు చుడతాను. గిన్నెలు మళ్ళీ రెండు పూటలా నేనే తోముతున్నాను, ఎవరూ చెప్పకుండానే. మాటలు ఎప్పటిలాగే సాగుతున్నాయి, నవ్వులు కూడా. ఒక్కటే మారింది. బల్ల చివర ఎర్ర గుడ్డ తీసేసింది. దాని చోట మూతున్న రేకు పెట్టె ఒకటి తెచ్చి పెట్టింది.

మధ్యాహ్నం భోజనం వేళకి కుదిరిన చక్రాలన్నీ అందులో సర్దుతుంది. మూత వేసి తాళం వేస్తుంది. తాళంచెవి బొడ్లో దోపుకుని, నా వైపు తిరిగి, ఎప్పటి గొంతుతోనే, “రా అక్కా, తిందాం” అంటుంది. నేను చేతుల మైనం తుడుచుకుని ఆమె వెనకే వెళ్తాను.